నీళ్ళు వేడెక్కితే చేప ఇంకా పైకి పోవచ్చు కదా? (ఆర్కిటిక్ చేపల గురించి తొమ్మిదో తరగతి ప్రశ్న)

కోనసీమ_మాస్టారు · శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నిన్న తొమ్మిదో తరగతిలో ధ్రువాల దగ్గర మంచు కరగడం గురించి పాఠం నడుస్తోంది. తెల్ల ఎలుగుబంటి బొమ్మ చూపించి చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, ఎలుగుబంటికి నిలబడే చోటు పోయింది, అర్థమైంది. చేపకేమైంది? నీళ్ళు వేడెక్కితే చల్లగా ఉన్న చోటికి ఈదుకుంటూ పోతుంది కదా?" అంది.

ఆ పిల్ల ఇల్లు గోదారి పాయ ఒడ్డునే. ఎర్రనీళ్ళు రాగానే పులస సముద్రంలోంచి ఎదురెక్కి వస్తుందని ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది. చేప తనకు కావలసిన నీళ్ళు వెతుక్కుంటూ పోతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు మాత్రం సరైన జవాబు దొరకలేదు. సోమవారం చెబుతానన్నాను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

సూటిప్రశ్న · శనివారం, రాత్రి 9:40

మాస్టారూ, ఆ అమ్మాయి అన్నది నిజమే. బారెంట్స్ సముద్రంలో (నార్వే, రష్యాల పైన ఉండేది) నీళ్ళు వేడెక్కిన కొద్దీ కాడ్ చేపలు ఉత్తరానికి జరిగాయి, సంఖ్య కూడా బాగా పెరిగింది. 2013లో నార్వే, రష్యా కలిసి పెట్టుకున్న కాడ్ కోటా (ఏడాదికి ఇంతవరకే పట్టాలనే హద్దు) పది లక్షల టన్నులు. అంత కోటా అంతకుముందు ఎప్పుడూ లేదు. చేపలకు కొత్త చోటు దొరికిందంటే లాభమే కదా? నష్టం ఎక్కడుందో నాకూ అర్థం కాదు. వాదించడానికి అడగడం లేదు, నిజంగానే తెలుసుకుందామని.

గంగమ్మ_బిడ్డ · శనివారం, రాత్రి 10:05

మాది భీమిలి. ఇరవై ఏళ్ళకు పైగా వేటకు పోతున్నాను. చేప ఒకచోట ఉండదు సార్. నూనె కవళ్ళు మా తాత కాలంలో ఇంత పడేవి కావంట, అవి కేరళ వైపు చేప అనేవారు. ఇప్పుడు మా వలల్లో పడతాయి. ఆ చల్లటి దేశాల సంగతి నాకు తెలీదు. తెలిసినవాళ్ళు చెబితే వింటాను.

ఉత్తరపు_గాలి · ఆదివారం, తెల్లవారుజామున 2:31

మాస్టారూ, ముందుగా ఆ అమ్మాయికి నా తరఫున శభాష్ చెప్పండి. నేను ట్రోమ్సోలో ఉంటాను. నార్వే ఉత్తరాన, ఆర్కిటిక్ వృత్తానికి పైన ఉన్న ఊరు. వైజాగ్ ఏయూలో చదివి, ఇక్కడ చేపల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆమె అడిగిందే మా ల్యాబ్‌లో రోజూ నలిగే ప్రశ్న.

అయితే "చేప" అని ఒక్క మాటలో అనేస్తే జవాబు దొరకదు. అక్కడ రెండు రకాల చేపలున్నాయి. దక్షిణం నుంచి కొత్తగా వస్తున్నవి కొన్ని, మొదటినుంచీ అక్కడే పుట్టి పెరుగుతున్నవి కొన్ని. సూటిప్రశ్న గారు చెప్పింది వచ్చేవాళ్ళ లెక్క. నేను ఉన్నవాళ్ళ గురించి చెబుతాను.

వాటిలో ముఖ్యమైనది పోలార్ కాడ్. మొదటిసారి ఓడ మీద ట్రాల్ వల (ఓడ వెనక ఈడ్చుకెళ్ళే వల) ఎత్తినప్పుడు, ఆ కుప్పలోంచి ఒకటి తీసి అరచేతిలో పెట్టుకున్నాను. మధ్యవేలి కొస నుంచి మణికట్టు దాకా వచ్చింది, అంతే. గ్లవ్స్ వేసుకున్నా చలి వేళ్ళలోకి దిగుతోంది. వీపు బూడిద గోధుమ రంగు, పొట్ట వెండి, ఒంటి మీద ఆవాలు చల్లినట్టు సన్నటి నల్ల మచ్చలు. ఆ ఒంటికి మించిన పెద్ద కళ్ళు. కింది దవడ కొంచెం ముందుకు వస్తుంది, తోక రెండు పాయలుగా ఉంటుంది. మన మార్కెట్లో అయితే చిల్లర చేపల గంపలో పడేస్తారు. కానీ సీలు, బెలూగా తిమింగలం, నార్‌వాల్, సముద్రపు పక్షులు, అన్నీ దీని మీదే బతుకుతాయి. సన్నటి పురుగుల్లాంటి జీవుల్లో ఉన్న కొవ్వును ఈ చేప తిని, పై జంతువులకు అందిస్తుంది. మధ్యలో ఈ ఒక్క మెట్టు తీసేస్తే పైవాళ్ళకు అందేది చాలా తగ్గిపోతుంది.

దీని రక్తం సంగతి పిల్లలకు చెబితే బాగుంటుంది. ఉప్పునీరు సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మామూలు చేప రక్తం అంతకంటే ముందే, మైనస్ 0.7 దగ్గరే గడ్డకట్టేస్తుంది. అంటే మంచు కింద నీళ్ళలో మామూలు చేప బతకకూడదు. పోలార్ కాడ్ రక్తంలో ఒక రకం ప్రొటీన్లు ఉంటాయి. ఒంట్లో మంచు పలుకు పుట్టగానే దాన్ని అంటిపెట్టుకుని పెరగనివ్వవు. ఇలాంటివాటిని మొదట అంటార్కిటికా చేపల్లో 1960లలో ఆర్థర్ డెవ్రీస్ కనిపెట్టారు. రెండు ధ్రువాల చేపలకూ దగ్గరి చుట్టరికం లేదు. ఎవరి దారిన అవి మారుతూ వచ్చి దాదాపు ఒకే ప్రొటీను దగ్గర కలిశాయి. నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అమ్మాయి ప్రశ్నకు వస్తాను. పోలార్ కాడ్ నడి చలికాలంలో, మంచు కింద గుడ్లు పెడుతుంది. గుడ్డు తేలికగా ఉంటుంది కాబట్టి పైకి లేచి మంచు అడుగుకు చేరుతుంది. అక్కడ చీకట్లో, గడ్డకట్టబోయే నీళ్ళలో నెమ్మదిగా ఎదుగుతుంది. పిల్ల బయటకు రావడానికి ఒక్కోసారి రెండు నెలలు దాటుతుంది. వసంతంలో వెలుతురు పెరిగి, నీళ్ళలో మేత పుట్టే వేళకు పిల్ల సిద్ధంగా ఉండాలి.

పెద్ద చేప నాలుగైదు డిగ్రీల నీళ్ళలో కూడా నెట్టుకొస్తుంది. గుడ్డు అలా కాదు. సున్నా నుంచి ఒకటిన్నర డిగ్రీల మధ్య బాగా పొదుగుతుంది. మూడు దాటితే చావులు గబగబా పెరుగుతాయి. జర్మనీ ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థ వాళ్ళు గుడ్లను రకరకాల వేడిలో పెట్టి చూసి, 2018లో ఈ సంగతి ప్రచురించారు. నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగితే ఆ కాస్త వేడినీ తట్టుకోలేదు. తల్లి ఈదుకుంటూ పోగలదు మాస్టారూ, గుడ్డు పోలేదు. అది తేలిన చోటే ఉంటుంది.

కోనసీమ_మాస్టారు · ఆదివారం, ఉదయం 6:50

అమ్మా, పొద్దున్నే టీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివాను. గుడ్డు సంగతి నాకు తట్టనే లేదు. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపేది కూడా చేపలు గుడ్లు పెట్టే కాలమనే కదా. ఆ 61 రోజుల సంగతి మా పిల్లలందరికీ తెలుసు, ఇళ్ళలో చూస్తారు కాబట్టి. అక్కడి నుంచి మొదలుపెడతాను.

సూటిప్రశ్న · ఆదివారం, ఉదయం 8:15

బాగా చెప్పారు. కానీ నాకు ఇంకా ఒకటి మిగిలింది. తల్లి పోగలిగినప్పుడు, ఇంకా ఉత్తరాన చల్లటి నీళ్ళలో గుడ్లు పెడితే సరిపోతుంది కదా? గుడ్డు తనంతట తాను కదలక్కర్లేదు.

ఉత్తరపు_గాలి · ఆదివారం, మధ్యాహ్నం 1:20

సరైన చోటే పట్టుకున్నారు. దీనికి మ్యాపు కావాలి. గ్లోబు ఉంటే పై నుంచి చూడండి.

బారెంట్స్ సముద్రం లోతు తక్కువ, సగటున 230 మీటర్లు. ఖండం అంచు నీళ్ళ కింద పరుచుకున్న మెట్ట లాంటిది. అడుగున పురుగులు, నత్తలు, రొయ్యలు ఉంటాయి. ఆర్కిటిక్ చేపల్లో చాలా రకాలు చిన్నవి, అడుగునే పాకుతూ ఈ మేత ఏరుకు తినేవి. ఇవి ఉత్తరానికి జరుగుతూ పోతే ఒకచోట మెట్ట అయిపోతుంది. ఆ తర్వాత ధ్రువం వైపు లోతు నాలుగు వేల మీటర్ల దాకా పోతుంది. రెండు వందల మీటర్ల అడుగున బతికే చేపకు అక్కడ చల్లదనం ఉంది, నేల లేదు.

పోలార్ కాడ్ కొంత నయం, అది మంచు కింద నడి సముద్రంలో కూడా తిరుగుతుంది. కానీ దానికి గుడ్లు పెట్టే చోటు, పిల్లకు మేత దొరికే చోటు రెండూ కుదరాలి. ఎండాకాలం చివర్లో మిగిలే మంచు 1979తో పోలిస్తే బాగా తగ్గింది. 2012 సెప్టెంబరులో అయితే 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. శాటిలైట్ లెక్కలు మొదలయ్యాక అదే అతి తక్కువ. ఆ పైన శీతకాలంలో మంచు ఆలస్యంగా కడుతోంది.

గంగమ్మ_బిడ్డ · ఆదివారం, మధ్యాహ్నం 2:02

ఇది నాకు బాగా అర్థమైంది చెల్లెమ్మా. మా దగ్గర కూడా గట్టు దాటి లోతుకు పోతే అడుగు చేప మారిపోతుంది. రొయ్య కోసం పోయినవాడు లోతులో వల వేస్తే డీజిలు దండగ. చేపకు నీళ్ళొక్కటే ఉంటే చాలదు, కింద అడుగు కూడా దానికి తగినట్టు ఉండాలి. మరి కొత్తగా వచ్చిన ఆ పెద్ద కాడ్, ఈ చిన్నదాన్ని తింటుందా?

ఉత్తరపు_గాలి · ఆదివారం, మధ్యాహ్నం 2:30

తింటుంది అన్నా. దక్షిణం నుంచి వచ్చే అట్లాంటిక్ కాడ్, హాడక్ పెద్ద చేపలు, ఏది దొరికితే అది తింటాయి. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో నార్వే, రష్యా ఓడలు బారెంట్స్ సముద్రమంతా గళ్ళు గీసినట్టు తిరిగి ట్రాల్ వేసి ఏం పడిందో రాస్తాయి. 2004 నుంచి 2012 దాకా ఆ లెక్కలు కలిపి చూస్తే, కేవలం తొమ్మిదేళ్ళలో దక్షిణపు చేపల గుంపు ఉత్తర భాగాన్ని నింపేసింది. ఆర్కిటిక్ చేపలు ఈశాన్య మూలకు నెట్టుకుపోయాయి. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి.

ఓడ మీద కుప్ప ఏరేటప్పుడు చేతులకే తెలిసిపోతుంది. పాత లాగ్‌బుక్‌లో ఏ స్టేషన్ (వల వేసే చోటు) దగ్గర నత్తచేపలు, పోలార్ కాడ్ రాసి ఉన్నాయో, అదే చోట నా చేతికి కిలోల బరువున్న కాడ్ వస్తుంది. దాని పొట్ట కోస్తే లోపల సగం అరిగిన పోలార్ కాడ్ కనిపిస్తుంది. ఆ రోజు రాసుకున్న కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది.

వానల_ఊరు_సియాటిల్ · ఆదివారం, సాయంత్రం 6:48

ఈ చర్చ చూసి లాగిన్ అయ్యాను. మా ఊరు సియాటిల్. అలాస్కా పక్కన బేరింగ్ సముద్రంలో వేటాడే పెద్ద బోట్లు చాలా వరకు ఇక్కడి రేవులోనే కట్టేసి ఉంటాయి. నేను సాఫ్ట్‌వేర్ వాడినే, కానీ మా పక్కింటాయన పీతల బోటు మీద పనిచేసేవాడు. మేం కుటుంబంతో బఫేకి వెళితే పిల్లలు ముందు స్నో క్రాబ్ కాళ్ళ దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. ఆ పీతలు ఎక్కడివో అప్పట్లో మేం ఆలోచించలేదు.

పీత చేప కాదు, నాకు తెలుసు. కానీ ఈ ప్రశ్నకు నేరుగా తగులుతుంది. బేరింగ్ సముద్రంలో చలికాలం మంచు కడుతుంది. అది కట్టేటప్పుడు బరువైన చల్లటి నీళ్ళు అడుగుకు దిగి, ఎండాకాలం అంతా అక్కడే చెరువులా నిలుస్తాయి. రెండు డిగ్రీల లోపు ఉండే ఆ నీళ్ళను ఇక్కడివాళ్ళు 'కోల్డ్ పూల్' అంటారు. అది అడుగున కట్టిన గోడ లాంటిది. పొల్లాక్, పసిఫిక్ కాడ్ లాంటి పెద్ద చేపలు ఆ చలిలోకి రావు. పిల్ల పీతలు దాని వెనక క్షేమంగా పెరుగుతాయి.

2017-18 చలికాలంలో మంచు అంతకుముందు ఎన్నడూ లేనంత తక్కువ కట్టింది. 2018 ఎండాకాలానికి కోల్డ్ పూల్ దాదాపు లేదు. గోడ లేకపోయేసరికి పొల్లాక్, కాడ్ ఉత్తర బేరింగ్ సముద్రంలోకి వెళ్ళిపోయాయి. పీతలు అప్పటికి చాలా ఎక్కువ ఉన్నాయి. నీళ్ళు సున్నా నుంచి మూడు డిగ్రీలకు పెరిగితే పీతకు కావలసిన తిండి దాదాపు రెట్టింపు అవుతుందట. అంత తిండి అక్కడ లేదు. 2018 నుంచి 2021 మధ్య వెయ్యి కోట్లకు పైగా పీతలు మాయమయ్యాయి. ఎక్కువ భాగం ఆకలితో చచ్చాయని 2023లో తేల్చారు.

2022 అక్టోబరులో స్నో క్రాబ్ వేట ఆపేశారు, చరిత్రలో మొదటిసారి. మరుసటి ఏడు కూడా ఆపారు. తర్వాత చిన్న కోటాతో తెరిచారు. మా పక్కింటాయన ఆ రెండేళ్ళూ ఇక్కడ గోడౌన్‌లో పనిచేశాడు. "ప్రతి ఏడూ పీత తగ్గడం, పెరగడం చూశాను. సముద్రం ఖాళీ అవడం మాత్రం చూడలేదు" అని నాతో అన్నాడు. బేరింగ్ సముద్రం మధ్యలో సెయింట్ పాల్ అని ఒక దీవి ఉంది. అక్కడి ఊరి ఆదాయం ఎక్కువగా పీతల ఫ్యాక్టరీ మీదే. ఆ ఊరు ఎమర్జెన్సీ ప్రకటించుకుంది.

సూటిప్రశ్న · ఆదివారం, సాయంత్రం 7:30

మూడు డిగ్రీలకే తిండి రెట్టింపా? ఇది నేను ఊహించలేదు. మన దగ్గర మూడు డిగ్రీలంటే పొద్దున్నకీ మధ్యాహ్నానికీ మధ్య తేడా కూడా కాదు.

అలల_లెక్క · ఆదివారం, రాత్రి 8:10

అక్కడే మనవాళ్ళందరూ పొరబడతారు. నేను హైదరాబాదులో సముద్రపు డేటా మీద చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మనకు ఒంట్లో వేడిని నిలబెట్టే ఏర్పాటు ఉంది. బయట ముప్పై ఉన్నా నలభై ఉన్నా లోపల 37. చేపకు అలా లేదు, నీళ్ళెంత ఉంటే ఒళ్ళు దాదాపు అంతే. నీళ్ళు వేడెక్కితే దాని ఒంట్లో ప్రతి పనీ వేగం పుంజుకుంటుంది. ఆకలి పెరుగుతుంది, ఆక్సిజన్ ఎక్కువ కావాలి. వేడి నీళ్ళలో కరిగే ఆక్సిజన్ ఏమో తక్కువ. ఖర్చు పెరిగినప్పుడే జీతం తగ్గినట్టు.

పైగా ఆర్కిటిక్ నీళ్ళు ఏడాది పొడవునా పెద్దగా మారవు. అక్కడ పుట్టిన చేపకు మార్పు అలవాటు లేదు. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ఏ మాత్రం అలవాటు లేనివాటికే అందరికంటే ఎక్కువ వేడి తగులుతోంది.

దీనికి మన దేశానికీ ఒక చిన్న చుట్టరికం ఉంది. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో నీ-ఆలెసుండ్ అనే ఊళ్ళో 2008 నుంచి మన 'హిమాద్రి' పరిశోధన కేంద్రం ఉంది. ఆ ఊరి ముందున్న కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో, 2014లో, 192 మీటర్ల లోతున 'ఇండ్‌ఆర్క్' అనే పరికరాల తాడు దించారు. చెన్నై, గోవా సంస్థలతో పాటు హైదరాబాదు ఇన్‌కాయిస్ కూడా అందులో భాగం. నీళ్ళ వేడి, ఉప్పు, ప్రవాహం ఎలా మారుతున్నాయో అది కొలుస్తుంది. ఆ పాయ ఒకప్పుడు చలికాలంలో గట్టిగా గడ్డకట్టేది. 2006 తర్వాత అట్లాంటిక్ వెచ్చటి నీళ్ళు చలికాలంలో కూడా లోపలికి రావడం మొదలై, మంచు అంతగా కట్టడం లేదు.

గంగమ్మ_బిడ్డ · ఆదివారం, రాత్రి 8:44

సార్, ఇన్‌కాయిస్ అంటే మాకు చేపలు ఎక్కడ ఉంటాయో మెసేజ్ పంపేవాళ్ళే కదా. వాళ్ళ చెయ్యి అంత దూరం ఉందని తెలీదు. ఇంకొకటి. అక్కడ కానగుర్తలు కూడా దారి మార్చాయని ఎక్కడో విన్నాను. నిజమేనా?

అలల_లెక్క · ఆదివారం, రాత్రి 9:15

నిజమే బాబూ. మన కానగుర్తకు దూరపు చుట్టం, అట్లాంటిక్ మాకరెల్. (సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, మన కానగుర్త శాస్త్రీయ నామంలో కూడా 'కానగుర్త' అనే ఉంది. రెండు వందల ఏళ్ళ కిందట విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించిన పాట్రిక్ రస్సెల్ మనవాళ్ళ దగ్గర విని 1803 పుస్తకంలో రాసుకున్నాడు. అది ప్రపంచమంతా పాకింది. మీ ఊరివాళ్ళ మాట అది.)

ఐస్‌లాండ్‌లో 2006 దాకా మాకరెల్ వేట దాదాపు లేదు. 2008 కల్లా లక్ష టన్నులు దాటింది. గ్రీన్‌లాండ్ వాళ్ళు 2011లో మొదలుపెట్టి 162 టన్నులు పట్టారు. 2014లో 78 వేల టన్నులు. 2013లో స్వాల్‌బార్డ్ దాకా కనిపించింది. కొత్తగా దొరికినవాళ్ళు తమ కోటా తామే పెట్టుకున్నారు. నార్వే, స్కాట్లాండ్ జాలర్లు మా చేప మీదెలా అవుతుందన్నారు. ఆ తగువు ఏళ్ళ తరబడి నడిచింది. చేప గీత దాటితే మనుషుల మధ్య కొట్లాట మొదలవుతుందని మీకు నేను చెప్పాలా?

గంగమ్మ_బిడ్డ · ఆదివారం, రాత్రి 9:21

అక్కర్లేదు సార్. కానగుర్త మాట మాత్రం రేపు ఒడ్డున అందరికీ చెబుతాను.

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9:50

గోదావరి పులస ధర గురించి వచ్చిన మూడు పోస్టులను వేరే చర్చలోకి మార్చాను. ఇక్కడ ఆర్కిటిక్ సంగతే సాగనివ్వండి.

సూటిప్రశ్న · ఆదివారం, రాత్రి 10:20

నేను మొదట 2013 లెక్క చెప్పాను కదా. తర్వాత ఏమైందో ఇప్పుడే వెతికాను. 2025కు ఆ కాడ్ కోటా 3 లక్షల 40 వేల టన్నులు. మూడింట ఒక వంతు. నేను పాత లెక్క పట్టుకుని మాట్లాడాను, క్షమించండి. ఎందుకు పడిపోయింది?

ఉత్తరపు_గాలి · ఆదివారం, రాత్రి 11:58

ఇందులో క్షమాపణ దేనికండీ, ఆ రోజుల్లో ఇక్కడ కూడా చాలామంది అలాగే అనుకున్నారు. ఒక్క కారణం చెప్పలేం. కొన్నేళ్ళుగా పిల్ల చేపల రాక బలహీనంగా ఉంది. వెచ్చదనం మొదట కాడ్‌కు మేత, చోటు ఇచ్చింది, నిజం. కానీ కాడ్ గుడ్డుకూ ఒక హద్దు ఉంది. ఆరు డిగ్రీల దగ్గర బాగా పొదిగే గుడ్డు, తొమ్మిది దాటితే దెబ్బతింటుంది. అందుకే కాడ్‌కు మంచి రోజులు ఎన్నాళ్ళో ఎవరూ గ్యారంటీ ఇవ్వరు. 2020లో 694 రకాల చేపల లెక్క చూశారు. సముద్రపువీ, నదులవీ కలిపి. అన్నింట్లోనూ గుడ్డు, గుడ్లు పెట్టే తల్లి, ఈ రెండు దశలే వేడికి తట్టుకోలేనివి. ఈ శతాబ్దం చివరికి భూమి ఐదు డిగ్రీలు వేడెక్కితే వందలో 60 రకాలకు ఇప్పటి చోట గుడ్లు పెట్టే వీలు పోతుంది. ఒకటిన్నర దగ్గర ఆపగలిగితే 10 రకాలకు. మాస్టారూ, ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయండి.

మేత సంగతి కూడా చెప్పాలి. ఆర్కిటిక్ నీళ్ళలో కలానస్ అని బియ్యపు గింజంత జీవులు ఉంటాయి. ఒళ్ళంతా నూనె తిత్తి. చల్లటి నీళ్ళ రకం పెద్దది, నూనె ఎక్కువ. వెచ్చటి నీళ్ళతో వచ్చే దాని చుట్టం చిన్నది, నూనె తక్కువ. మైక్రోస్కోపు కింద పక్కపక్కన పెడితే ఒకటి నెయ్యి నిండిన గిన్నెలా, ఇంకొకటి అడుగంటిన గిన్నెలా ఉంటుంది. అది తిన్న పోలార్ కాడ్ కూడా బక్కచిక్కుతుంది, దాన్ని తిన్న పక్షి పిల్ల కూడా. కెనడా హడ్సన్ బే దగ్గర ఒక దీవి మీద మర్ అనే పక్షులు పిల్లలకు ఏం తెచ్చి పెడుతున్నాయో ఏళ్ళ తరబడి చూశారు. 1980లలో ముక్కున ఎక్కువగా ఈ పోలార్ కాడే ఉండేది. 1990ల చివరికి అది బాగా తగ్గి కేపెలిన్ అనే వేరే చేప వచ్చింది. అక్కడి మంచు ముందే కరగడం మొదలైంది మరి.

వానల_ఊరు_సియాటిల్ · సోమవారం, ఉదయం 7:05

నదుల మాట కూడా ఒకటి. అలాస్కాలో యూకాన్ నది ఒడ్డున ఉండే ఆదివాసులు చినూక్ సాల్మన్ ఎండబెట్టుకుని చలికాలం తింటారు. మన ఎండుచేపల్లాగే వరసలు కట్టి పొగ పెడతారు. ఆ చేప రావడం దాదాపు ఆగిపోయింది. 2024లో అలాస్కా, కెనడా ఏడేళ్ళు ఆ చేపను పట్టకూడదని ఒప్పుకున్నాయి. అదే అలాస్కాలో బ్రిస్టల్ బేలో మాత్రం 2022లో సాకై సాల్మన్ ఎన్నడూ రానంత వచ్చింది. ఒకే రాష్ట్రంలో ఒక ఊరికి పండగ, ఇంకో ఊళ్ళో చేపలు ఎండబెట్టే కర్రలు ఖాళీ. వార్త రాసేవాళ్ళు రెండూ కలిపి "సాల్మన్ బాగుంది" అని సగటు తీసేస్తే ఆ రెండో ఊరు కనిపించకుండా పోతుంది. నాకు బాధ కలిగించేది అదే.

ఉత్తరపు_గాలి · సోమవారం, మధ్యాహ్నం 12:40

ఇక్కడ కూడా అంతే. నార్వే, ఫిన్లాండ్ మధ్య తానా నది, సామీ ప్రజలు దేత్ను అంటారు. అట్లాంటిక్ సాల్మన్ తగ్గిపోయి 2021లో దాని వేట నిషేధించారు. అదే నదిలోకి పింక్ సాల్మన్ బేసి సంవత్సరాల్లో మందలుగా వస్తోంది. అది ఇక్కడి చేప కాదు, 1950ల నుంచి సోవియట్ వాళ్ళు రష్యా వాయవ్య నదుల్లో వదిలారు. 2017 నుంచి నార్వేలో విపరీతంగా పెరిగింది. గుడ్లు పెట్టగానే చచ్చిపోతుంది, నది నిండా కుళ్ళిన చేప. నది ఒడ్డున ఒక పెద్దావిడతో మాట్లాడాను. "నా మనవడికి వల కట్టడం నేర్పాను, వేయడం నేర్పలేకపోయాను" అంది. నాకు ఏం అనాలో తోచలేదు.

గంగమ్మ_బిడ్డ · సోమవారం, మధ్యాహ్నం 1:15

మంచు కరిగితే ఆ నడి సముద్రంలోకి పెద్ద ట్రాలర్లు పోవా? మిగిలిన కాసిని కూడా ఊడ్చేస్తారు కదా.

అలల_లెక్క · సోమవారం, మధ్యాహ్నం 2:00

ఇది ఒక్కటి ముందుగానే ఆలోచించారు. 2018 అక్టోబరు 3న గ్రీన్‌లాండ్‌లో ఇలులిసాత్ అనే ఊళ్ళో ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. ఏ దేశానికీ చెందని నడి ఆర్కిటిక్‌లో, సుమారు 28 లక్షల చదరపు కిలోమీటర్లలో, వ్యాపార వేట మొదలుపెట్టకూడదు. అమెరికా, రష్యా, చైనా, నార్వే, కెనడా, జపాన్, దక్షిణ కొరియా, ఐస్‌లాండ్, డెన్మార్క్, యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్నాయి. 2021 జూన్ నుంచి అమల్లో ఉంది, మొదటి విడత పదహారేళ్ళు. వేట మొదలవకముందే వేట ఆపడం నా సర్వీసులో నేను చూసిన మంచి పనుల్లో ఒకటి. నీళ్ళు వేడెక్కడాన్ని మాత్రం ఆ కాగితం ఆపదు.

కోనసీమ_మాస్టారు · సోమవారం, రాత్రి 8:30

ఇవాళ క్లాసు అయింది. రెండు గోలీ సోడాలు తెప్పించాను. ఒకటి ఐసు డబ్బాలో పెట్టాను, ఇంకోటి కిటికీ దగ్గర ఎండలో. పీరియడ్ మధ్యలో రెండూ కొట్టాను. ఎండలోది బుస్సుమని పొంగి బెంచీ తడిపేసింది, రెండు నిమిషాల్లో చప్పబడింది. చల్లదానిలో బుడగలు చాలాసేపు నిలిచాయి. "వేడి నీళ్ళలో గాలి నిలవదు, చేపకు కావలసిన గాలి కూడా అంతే" అన్నాను. ఆ తర్వాత మ్యాపు గీసి మెట్ట, లోతు చూపించాను. 60, 10 అంకెలు పక్కపక్కన రాశాను, ఇంకా చెరపలేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయి గుడ్డు దగ్గర ఆగిపోయింది. కాసేపటికి చెయ్యెత్తి ఇంకోటి అడిగింది. "సార్, ఆ చేపకు వయసెంతో ఎలా తెలుస్తుంది? ముసలి చేప గుడ్లు పెడుతోందా, చిన్నదా?" మళ్ళీ మీ దగ్గరికే వచ్చాను.

ఉత్తరపు_గాలి · సోమవారం, రాత్రి 11:45

ఈ పిల్లను మా ల్యాబ్‌కు పంపేయండి! చేప తలలో, చెవి దగ్గర, చిన్న రాళ్ళు ఉంటాయి. కోసి చూస్తే చెట్టు మానులోలాగా ఏడాదికో వలయం. చలికాలం ఇరుకుగా, ఎండాకాలం వెడల్పుగా. పోలార్ కాడ్‌ది గోరు మీద పెసరగింజలా కూర్చుంటుంది. ఆరేడు వలయాలు చూస్తే అది బాగా ముసలిది. ఆగస్టులో ఓడ ఎక్కుతున్నాను, ఫొటోలు తీసి పెడతాను.

గంగమ్మ_బిడ్డ · మంగళవారం, ఉదయం 5:10

ఫొటో దాకా ఎందుకు మాస్టారూ. గొరక తలలో ఆ రాళ్ళు పెద్దవే ఉంటాయి, మా పిల్లలు ఏరుకుని ఆడుకుంటారు. ఆదివారం బజారులో గొరక దొరికితే తల పారేయకుండా తెచ్చి, ఉడికించి విప్పండి. చెవుల వెనక రెండు పక్కలా ఒక్కోటి ఉంటుంది. గట్టిగా లాగకండి, విరుగుతాయి.

కోనసీమ_మాస్టారు · మంగళవారం, ఉదయం 6:32

ఆదివారం దాకా ఆగను బాబూ, సాయంత్రమే తెస్తాను. ఒకటి ఆ అమ్మాయికి, ఒకటి స్కూలు ల్యాబ్‌కి.